మరగబెట్టిన తోడు

యాంటీబయాటిక్ మాత్రలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని వాదించేవారికి కుటుంబ బాంధవ్యాల విలువ తెలియదని నా నిశ్చితాభిప్రాయం.

నలభై ఏళ్ళు వాల్యెవోలో పిల్లలకు జీవశాస్త్రం బోధించి రిటైరైనవాడు ఇలా అనవచ్చునా? అనక తప్పదు! పాఠ్యపుస్తకం దాన్ని మందు అంటుంది. మా సెర్బియాలో అది మందు కాదు, మర్యాద. గడపలో అడుగు పెట్టినవారికి చెంచాడు చెర్రీపళ్ళ మురబ్బా, గ్లాసుడు నీళ్ళు, ఆ పైన కాఫీ. కాఫీ తాగుతూ వారు ఒక్కసారి దగ్గితే, వంటగది సొరుగులోంచి సగం వాడిన స్ట్రిప్పు. వద్దంటే ఇంటావిడ చిన్నబుచ్చుకుంటుంది.

ఎదురెదురు కిటికీలు తెరిస్తే దూరే గాలి సమస్త రోగాలకూ మూలమని మాకు పుట్టుకతోనే తెలుసు. ఆ గాలి పంటిలో దూరితే ఎర్ర క్యాప్సూల్, నడుములో దూరితే తెల్ల మాత్ర. ఆరు వేసుకోమంటే మూడే వేసుకుని, తక్కిన మూడూ పొరుగువారి కోసం దాచే జాతిని స్వార్థపరులని ఎవరనగలరు?

మొన్న ఫిబ్రవరిలో మా అక్క దేసాంకా మెడలో గాలి దూరింది. ఆమెను ప్రేమించేవారు చాలామంది. ముగ్గురు మూడు రకాల మాత్రలు తెచ్చారు. ఎవరి మనసూ నొప్పించడం ఇష్టంలేక అక్క మూడు రకాలూ మింగింది.

మెడనొప్పి తగ్గింది. విరేచనాలు మొదలయ్యాయి. పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోగా, ఆ మాత్రలకు లొంగని మొండి క్రిమి ఒకటి ఖాళీ ఇంట్లో కాపురం పెట్టింది. ఆస్పత్రిలో దానికి వేరే మందు ఇవ్వడం, తగ్గడం, తిరగబెట్టడం. మూడోసారి తిరగబెట్టేనాటికి అక్క పద్దెనిమిది కిలోలు తగ్గింది. అరవై ఏడేళ్ళ మనిషికి మంచం దిగాలంటే కూతురి భుజం కావలసి వచ్చింది. ఇంకొక్కసారి వస్తే తట్టుకోలేదని బెల్‌గ్రేడ్‌లో డాక్టర్ నెవెనా దాపరికం లేకుండా చెప్పారు.

మిగిలింది ఒక్కటే దారి. మల మార్పిడి. ఆరోగ్యవంతుడి మలాన్ని క్షుణ్ణంగా పరీక్షించి, ఉప్పునీటిలో కలిపి, వడగట్టి, గొట్టం గుండా రోగి పేగుల్లోకి పంపుతారు.

అసహ్యమా? వైద్యచరిత్రలో ఇంతటి సమధర్మం నాకు మరెక్కడా కనిపించలేదు! గుండె ఇవ్వాలంటే చావాలి. మూత్రపిండం ఇవ్వాలంటే కోయించుకోవాలి. ఇది మంత్రి మొదలు మేకలకాపరి దాకా ప్రతి పౌరుడూ ఉచితంగా ఉత్పత్తి చేసేదే. కొందరు నాయకులైతే మైకు ముందు కూడా చేస్తారు.

దాత కుటుంబంలోనే దొరికితే త్వరగా పని జరుగుతుందన్నారు. అరవై దాటినవారు పనికిరారన్నారు కనుక అరవై నాలుగేళ్ళ నేను మొదటే తప్పుకున్నాను. మేనకోడలు జాగోర్కా ఆదివారం భోజనానికి బంధువులను పిలిచింది. పదకొండుమంది వచ్చారు. పదకొండుమందీ ఇస్తామన్నారు! దానగుణంలో మమ్మల్ని మించినవారెవరు? అక్క పెళ్ళికి సాక్షిగా నిలిచినాయన కొడుకు ద్రాగుతిన్ అయితే బల్ల గుద్దాడు. మా దగ్గర ఆ సాక్షి పదవి వంశపారంపర్యం. రక్తసంబంధం కంటే ఒక మెట్టు పైది.

"నేనుండగా ఇంకొకళ్ళది ఎందుకంట? ఆవిడ పెళ్ళిలో కొవ్వొత్తి పట్టుకున్నది మా ఇల్లు. ముందు నాది. తర్వాతే ఎవరిదైనా."

ఇంతటి ఉత్సాహానికి శాస్త్రజ్ఞానం తోడైతే బాగుంటుందని నాకు బుద్ధి పుట్టింది. కీమా చుట్టిన క్యాబేజీ ఆకులు గిన్నెలో చల్లారుతుండగా గంటసేపు ఉపన్యసించాను. చిటికెడు మలంలో ఎన్ని వేల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయో విడమరిచి చెప్పాను. ఎంత శ్రద్ధగా విన్నారో! నా నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఏ తరగతీ అంత నిశ్శబ్దంగా వినలేదు.

పది రోజుల తర్వాత ఆస్పత్రి వరండాలో పదకొండుమందీ వరసగా కూర్చున్నారు, ఇస్త్రీ బట్టలతో. గత మూడు నెలల్లో యాంటీబయాటిక్స్ వాడారా అని డాక్టర్ నెవెనా ఒక్కొక్కరినీ అడిగారు. అందరూ లేదన్నారు. ఆమె కూడా ఈ దేశంలో పుట్టినదే కనుక రెండో ప్రశ్న వేశారు. జబ్బుకు కాదు, ఊరికే ఏమైనా వేసుకున్నారా?

"అదా," అంది జాగోర్కా. "శుభ్రం కోసమైతే అందరం వేసుకున్నామండీ. వారం రోజుల కోర్సు, ఒక్కపూట కూడా మానలేదు."

"శుభ్రమేమిటి?"

"దాన్నిండా క్రిములేనని మామయ్యే కదా చెప్పాడు! అమ్మకిచ్చేది అలా మురికిగా ఎలా ఇస్తాం? చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడవమా?"

డాక్టర్ నెవెనా కలం కింద పెట్టారు.

"చూడమ్మా, మీ అమ్మ పేగులిప్పుడు మరగకాచిన పాలు. కాస్త తోడు కావాలి. మీరు పదకొండుమందీ ప్రేమగా తోడు తెచ్చారు. కానీ మరగబెట్టి తెచ్చారు."

మళ్ళీ వీళ్ళు పనికిరావాలంటే మూడు నెలలు ఆగాలి. అక్కకు ఆరు వారాలైనా ఉన్నాయో లేదో. మీ వాళ్ళలో ఎవరూ మాత్ర ఇవ్వని మనిషంటూ ఒక్కరైనా లేరా అని డాక్టర్ అడిగారు.

ఉన్నాడు. విటోమిర్, అక్క మరిది. యాభై ఏడేళ్ళవాడు. ఊరి పైనున్న కొండ మీద గొర్రెలతో, ప్లమ్ చెట్లతో ఒంటరిగా ఉంటాడు. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ తండ్రి పోయినప్పుడు, ఆయన ప్లమ్ సారా కాచే రాగి కాగు పెద్దకొడుకైన మా బావకు కాక విటోమిర్ కొట్టంలో తేలింది. ఇచ్చారా, ఎత్తుకుపోయాడా అన్న చర్చ తెగకముందే, అదే ఏడాది మా బావ కూడా పోయాడు. అంత్యక్రియల్లో దగ్గరివాళ్ళందరికీ పంచే కొవ్వొత్తిని అక్క విటోమిర్ చేతికి ఇవ్వలేదు. ఆనాటి నుంచి నేను తప్ప ఎవరూ అతని గడప తొక్కలేదు. గడప తొక్కనివారు మాత్రలు ఎలా ఇస్తారు? తొమ్మిదేళ్ళుగా అతని దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. ఆ దగ్గు దానంతట అదే తగ్గిపోతూ వచ్చింది.

నేను కొండెక్కాను. అతను గొర్రె కాలి గిట్టలు కత్తిరిస్తున్నాడు.

"వదిన పంపిందా?"

"పంపలేదు. లేవలేకపోతోంది."

విషయం చెప్పాను. అతను నాలుగో గిట్ట కూడా పూర్తిచేసి, గొర్రెను వదిలి, చేతులు తుడుచుకున్నాడు.

"కాగు అడగడానికి రాలేదు కదా?"

"కాదు."

"అయితే మిగతాది ఏం కావాలన్నా పట్టుకుపో."

పరీక్షల్లో అతనికి వంక పెట్టడానికి ఏదీ దొరకలేదు. ఆ నివేదికను డాక్టర్ నెవెనా నాకు చూపించినప్పుడు, క్లాసులో ఎవరూ పలకరించని కుర్రాడికి ఫస్టు మార్కులు వచ్చినట్టనిపించింది. మార్పిడి జరిగింది. నాలుగోరోజున అక్క రొట్టె, మీగడ అడిగింది. ఆస్పత్రి కాఫీ బురదలా ఉందని తిట్టింది. బతికిందని అప్పుడు నమ్మాను.

అయితే ఒక్క షరతు. ఎనిమిది వారాల్లోగా మరోసారి అవసరం పడవచ్చు. అందాకా విటోమిర్ ఒక్క మాత్ర కూడా మింగరాదు.

ఇంటికొచ్చిన అక్క అతన్ని భోజనానికి పిలవమంది. "వాడి సొమ్ము నా కడుపులో పెట్టుకుని, వాడి మొహం చూడనంటే ఎట్లారా?" అంది.

విటోమిర్ గడ్డం గీసుకుని వచ్చాడు. ఆచారం ప్రకారం అందరితోనూ బుగ్గల మీద మూడేసి ముద్దులయ్యాయి. ద్రాగుతిన్ అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సూప్ వడ్డిస్తుండగా విటోమిర్ తుమ్మాడు. ఒక్క తుమ్ము!

ఎవరో కిటికీ మూశారు. బల్ల చుట్టూ హ్యాండ్‌బ్యాగులు తెరుచుకున్నాయి.

"ఇది వేసుకో బాబాయ్," అంది జాగోర్కా. "కొండ మీద నిన్ను చూసేవాళ్ళెవరు?"

నేను లేచి నిలబడి డాక్టర్ షరతు గుర్తుచేశాను. క్రిముల గురించి చెప్పాను. అక్క ప్రాణం గురించి చెప్పాను. ఒక్కటే కదా అన్నారు. అక్క కూడా ఆ మాటే అంది. విటోమిర్ అరచేతిలో ఎర్ర క్యాప్సూల్ ఉంది. అతని కళ్ళు చెమర్చాయి. తొమ్మిదేళ్ళలో అతనికి ఎవరైనా మాత్ర ఇవ్వడం అదే మొదలు. రెండో చేత్తో సారా గ్లాసు అందుకున్నాడు.

"తండ్రి ఒళ్ళు చల్లబడకముందే కాగు ఎత్తుకుపోయినవాడికి మళ్ళీ మాత్ర కూడానా?" అన్నాను.



విటోమిర్ సారా గ్లాసు దింపి నావైపు తిరిగాడు. "నువ్వు కూడానా, మాస్టారూ," అన్నాడు. క్యాప్సూల్‌ను పళ్ళెం పక్కన పెట్టి, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు పడగానే ఇల్లంతా ఒక్కటైంది. ఎత్తుకుపోయాడని తాను ముందే చెప్పానంది జాగోర్కా. ద్రాగుతిన్ ఆ కుర్చీని గోడవైపుకు తోసేశాడు. కడుపులో ఉన్నదంతా మరిచి అక్క, అలాంటివాణ్ణి పిలవడమే తప్పంది.

అయిదో వారంలో అక్కకు మళ్ళీ మొదలైంది. కబురందిన మర్నాడు విటోమిర్ బస్సెక్కి బెల్‌గ్రేడ్ వచ్చాడు. డబ్బా డాక్టర్ బల్ల మీద పెట్టి, మాలో ఎవరితోనూ మాట్లాడకుండా తిరుగు బస్సెక్కాడు. ఇప్పుడు అక్క రోజూ రెండుపూటలా తింటోంది, రోజూ ఒకసారి విటోమిర్‌ను ఆరోగ్యవంతమైన గొంతుతో శపిస్తోంది.

ఆ కాగును వాళ్ళ నాన్న తన చేత్తోనే విటోమిర్‌కు ఇచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఈ నిజాన్ని తొమ్మిదేళ్ళుగా మావాళ్ళందరికీ చెబుతున్నాను, ఒక్కరూ నమ్మలేదు. అబద్ధం ఒక్కసారి చెప్పాను. బల్ల చుట్టూ ఉన్నవారంతా నమ్మారు.