నిద్రపోతే ఇల్లు

సెట్‌బ్యాక్ సారంటే వెల్డరుకి కడుపుమంట. ఊళ్లో మిగతా వాళ్లకి మాత్రం అంతులేని గౌరవం. మున్సిపల్ ఆఫీసుకి ఎవరు ఏ ఇంటి ప్లాను తెచ్చినా, కాగితం విప్పకముందే "నాలుగు వైపులా ఖాళీ వదిలారా?" అని అడిగే మహానుభావుడాయన. ఆ ఖాళీనే రూల్సులో సెట్‌బ్యాక్ అంటారు. ఆ పట్టుదలకే ఆ పేరు దక్కింది.

అలాంటి సారు ఒకరోజు మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద మైకు పుచ్చుకుని, "చిన్న మనిషికి చిన్న ఇల్లు! చిన్న ఇంటికి పెద్ద మనసుతో అనుమతి!" అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. వెల్డరు అందరికంటే గట్టిగా కొట్టాడు. కొంప మునిగింది అక్కడే.

అతనికి బడి వెనక సందులో పన్నెండడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు జాగా ఉంది. అద్దెగది యజమాని ఖాళీ చెయ్యమని ప్రాణం తోడేస్తున్నాడు. పాత ఇనుమంతా ఏరుకొచ్చి, భార్య పట్టుకుంటే తను అతికి, ఆ జాగా నిండా ముచ్చటైన రేకుల ఇల్లు కట్టాడు. మడతమంచం, దాని వెనక వంటగట్టు, సందు వైపు కిటికీ. కిటికీకి మోచేతులు ఆనించుకోవడానికో చెక్కపలక. అది భార్య ముచ్చట.

సారు స్వయంగా టేపు పట్టుకుని విచ్చేశారు.

"నాలుగు వైపులా ఐదేసి అడుగులు వదలాలి కదయ్యా!"

"వదిలితే మిగిలేది రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవండి."

"చాలదూ?"

"అది మనిషి బతికుండగా పనికొచ్చే కొలత కాదండీ" అంది వెల్డరు భార్య.

సారు నొచ్చుకోలేదు. అంతటి సహనమూర్తి. "పైగా చిన్న ఇల్లు మరీ చిన్నగా ఉండకూడదమ్మా. మూడు వందల చదరపు అడుగులకి తగ్గితే రూల్సులో అది ఇల్లే కాదు" అన్నారు.

"మా జాగాయే అంత లేదు కదండీ!"

సారు మనసు కరిగింది. "పోనీ, చక్రాలు బిగించు. చక్రాలుంటే బండి. బండికి సెట్‌బ్యాక్ అక్కర్లేదు."

వెల్డరు నాలుగు చక్రాలు బిగించాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడో లేదో, కిటికీలో సారు తలకాయ ప్రత్యక్షమైంది. పక్కనే గుమాస్తా తలకాయ.

"దొరికావు! నిద్రపోతున్నావు."

"ఎండకి కాస్త కునుకు పట్టిందండి."

"మనిషి నిద్రపోయేది నివాసం. మేలుకునుంటే బండి, నిద్రపోతే ఇల్లు. ఈ క్షణాన నువ్వు అనుమతి లేని ఇంట్లో ఉన్నావు."

"సగం నిద్రేనండి."

"గురక విన్నాం" అన్నాడు గుమాస్తా.

అప్పటి నుంచి మొగుడూ పెళ్లాం వంతులేసుకున్నారు. ఒకరు పడుకుంటే ఇంకొకరు కళ్లు నులుముకుంటూ కూర్చునేవారు. సగమైనా బండి కింద లెక్కవుతుందని ఆశ. చట్టం సగాలకి ఒప్పుకోలేదు. ఇంటిని జప్తు చేశారు. చక్రాలున్నా సరే, కదిపితే ఎక్కడ సొట్టపడుతుందోనని దాని కింది జాగాని కూడా సారు దయతో భద్రపరిచారు. వెల్డరు వదినగారి వరండాలో చాప పరుచుకున్నాడు.

నెల తిరక్కుండానే సారు మళ్లీ మైకు పుచ్చుకున్నారు. చిన్న ఇళ్ల అనుమతుల విభాగం వెలిసింది. రిబ్బను కత్తిరించారు. బడి వెనక సందులో, చక్రాలు ఊడదీసి, కొత్త రంగు కొట్టిన రేకుల ఆఫీసు.

వెల్డరూ భార్యా లైన్లో నిలబడ్డారు. వాళ్ల వంతు వచ్చేసరికి కిటికీ లోపల మడతమంచం మీద గుమాస్తా గురకపెడుతున్నాడు. గుమ్మం దగ్గర కుర్చీలో సారు ఉన్నారు.

"సారూ, లోపల మనిషి నిద్రపోతున్నాడండి! అయితే ఇది ఇల్లేగా?"

"ఆఫీసులో నిద్ర నివాసం కిందికి రాదయ్యా. అది డ్యూటీ."

"మరి నాలుగు వైపులా ఖాళీ ఏదండీ?" అంది భార్య.

"మిమ్మల్ని ఖాళీ చేయించాం కదమ్మా!"

మాటల సందడికి గుమాస్తా మెలకువ తెచ్చుకుని, "ఏంటి కంప్లయింటు?" అన్నాడు.

"జాగా పోయిందండి."

"ఎంత?" అన్నాడు ఆవులిస్తూ.

వెల్డరు చెక్కపలక మీద మోచేతులు ఆనించాడు.

"నూట తొంభై రెండు చదరపు అడుగులండి. మీ మంచం కిందిది కూడా కలిపి."