ఉప్పు అడిగిన గడియారం

రండమ్మా, రండయ్యా, ఇటు జరిగి కూర్చోండి. ఆ మూల ముచ్చట్లు కాసేపు మూట కట్టి చంకన పెట్టుకోండి, కథ అయ్యాక విప్పుకుందురు. ఇది కోవిల్‌పట్టి వెంకటసామి గడియారం కథ. ఇందులో అబద్ధం ఉప్పుకల్లంత కూడా లేదు. ఉన్నదంతా పిడికిళ్ళ లెక్కనే.

వెంకటసామి ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు వైర్‌మన్‌గా చేసి ఇంటికి వచ్చినవాడు. ఊరికే కూర్చోలేక ముందుగదిలో సొంతంగా ఒక గడియారం తయారు చేశాడు. దాని గుండె గోరంత స్ఫటికం. అది సెకనుకు కోటిసార్లు వణుకుతుంది. వేడి కొంచెం హెచ్చినా తగ్గినా ఆ లెక్క తప్పుతుంది గనుక, బాలింతను దాచినట్టు దాన్ని ఒక వెచ్చని పెట్టెలో దాచాడు.

విరుదునగర్‌లో రేడియోలు బాగుచేసే శ్రీనివాసన్‌కీ ఇదే పిచ్చి. ఇద్దరి మధ్య ఒక పరీక్ష ఉంది: ముప్పై రోజుల్లో సెకనులో నూరో వంతు కూడా తప్పకూడదు. వెంకటసామి అప్పటికే రెండుసార్లు ఓడిపోయాడు. మొదటిసారి, మెలిపెట్టి టేపు చుట్టిన వైరు వదులైపోయింది. రెండోసారి, ఎదురుగా ఉన్న పిండిమిల్లు మోటారు తిరిగినప్పుడల్లా కరెంటులో రొద పుట్టి అంకెలు ఎగిరిపడ్డాయి.

"ఇదే కడసారి," అంది అతని భార్య బొమ్మక్క. "ఇప్పుడూ తప్పిందంటే ఆ పెట్టెలన్నీ పాత ఇనుముకి పోతాయి. ఆ గదిలో నా కుట్టు మిషనే ఉంటాది."

అందుకని మూడోసారి ప్రతి అతుకునూ సీసం కరిగించి అంటించాడు. బ్యాటరీ పెట్టాడు. కరెంటులోని రొద భూమిలోకి దిగిపోయేటట్టు వీధి గోడ పక్కన మనిషిన్నర లోతు ఎర్త్ గుంట తవ్వి, రాగి కంబి దించి, బొగ్గూ ఉప్పూ నింపి, చుట్టూ ఇటుకలు పేర్చాడు. కానీ అది నల్లరేగడి. పంగుని నెల ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది. మట్టి కంబిని వదిలేసిందంటే మిల్లు రొద మళ్ళీ ఇంట్లోకి వస్తుంది. కనుక రోజూ నీళ్ళు పోయాలి.

ఇరవై రోజులు నున్నగా జరిగాయి. ఆ పొద్దున అరుప్పుకోట్టైలో తమ్ముడి మగ్గాల షెడ్డు వైరింగుకు బయలుదేరాడు. ఐదు రోజుల పని.

"ఏమే, పొద్దున్నే ఒక బిందె నీళ్ళు, ఒక పిడికిడు రాళ్ళుప్పు. ఒక దినమూ మరవొద్దు. ఎవరూ తట్టుకోని పడకుండా కంబికి ఒక ఎర్రగుడ్డ కట్టు."

"మీ అమ్మకి కూడా నేను ఇంత చాకిరీ చెయ్యలే," అంది బొమ్మక్క.

మర్నాడు శుక్రవారం. ఆమె తలంటుకుని, తడిజుట్టు ముడి వేసుకుని, ఎర్రగుడ్డ దొరక్క పసుపుగుడ్డ కట్టి, నీళ్ళు పోసి ఉప్పు వేసింది. వాకిట ముగ్గుకు తెచ్చిన పిండి మిగిలింది గదా అని చుట్టూ ఒక ముగ్గు కూడా గీసింది. అటే పోతున్న పొరుగింటి అంగమ్మాళ్ నిలబడిపోయింది. ఆ సీమలో పులిపిరి రాలాలన్నా, మోకాలి నొప్పి పోవాలన్నా మారియమ్మకు ఉప్పూ మిరియాలూ వేసి మొక్కుతారు. ఉప్పు కరిగినట్టు బాధ కరుగుతుందని నమ్మకం.

"ఏ సామి అక్కా ఇది?"

"సామీ లేదు, గీమీ లేదు. కరెంటు కంబి. ఆయన గడియారానికి."

"సరి, సరి. ఇంటి సామిని బయట చెప్పకూడదు, నాకు తెలీదా."

మర్నాడు అంగమ్మాళ్ ఉప్పూ మిరియాలూ తెచ్చి గుంటలో వేసింది. ఆ మర్నాడు ఆమె మెడమీది పులిపిరి రాలిపోయింది. ఆ పై రోజు వీధి మలుపు దాకా వరస.

ఐదోనాడు బస్సు దిగి వచ్చిన వెంకటసామి, ఆ జనాన్ని చూసి మిల్లు తగలబడిందేమో అనుకున్నాడు. దగ్గరికి వస్తే ఇటుకలు కనబడకుండా ఉప్పు కుప్ప, పైన నిమ్మకాయలు. ఎవరైనా మొక్కు తీర్చే ఊపులో కంబి పీకారంటే ఇరవై ఐదు రోజులు మట్టిలో కలుస్తాయి. భయపెడదామని ఒక చిన్న అబద్ధం ఆడాడు.

"తాకొద్దండి. తాకితే కొడుతుంది. నేను పూచీ కాదు."

"తాకితే కొడుతుందంట," అని మాట వరసలో వెనక్కి పాకింది. మలుపు చేరేసరికి ఇద్దరిని కొట్టిందని అయింది. సాయంకాలానికి వరస రెండైంది.

ఇక లాభం లేదని, తనతో పనిచేసిన అంతోణిని పిలిపించాడు.

"నువ్వు చర్చికి పోయేవాడివి, నీ మాట నమ్ముతారు. ఇది ఉత్త ఎర్త్ అని చెప్పు రా."

"దానికేం మామా. మీటరు పెట్టి చూపించేస్తా, అందరి ముందరే."

అంతోణి మీటరు తీగలు తగిలించాడు. ముల్లు సున్నా పక్కకు పోయి పడుకుంది. అది ఎంత తక్కువ చూపిస్తే ఎర్త్ అంత మంచిది. అతను మళ్ళీ చూశాడు, మీటరును తట్టి చూశాడు. ఆఖరికి చెప్పులు విప్పి గుంటకు రెండు చేతులూ జోడించాడు.

"మామా, నా సర్వీసులో ఇట్లాంటి ఎర్త్ చూడలే."

ఆ మాట ఎవరి తలకూ ఎక్కలేదు, వెంకటసామి తలకు కూడా. జోడించిన చేతులు మాత్రం అందరూ చూశారు. అంతోణే మొక్కినాడంటే ఇక చెప్పేదేముంది? మర్నాడు ఏళాయిరంపన్నై నుంచి పటాకుల పనివాళ్ళు వ్యాన్ కట్టుకుని వచ్చారు. తలా ఒక బిందె నీళ్ళు, తలా ఒక సంచి ఉప్పు. పరీక్ష అయిన గంటలో గుంట పూడ్చేస్తానని వెంకటసామి సిమెంటు పలక తెచ్చి గోడకు ఆనించాడు. దానికి కూడా ఎవరో పసుపు పూశారు.

ముప్పయ్యోనాడు శ్రీనివాసన్, ఉపగ్రహం నుంచి టైము పట్టే పెట్టెను ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. వరస తప్పితే పోనివ్వం అని జనం అతన్ని గంటసేపు నిలబెట్టారు. నుదుట కుంకుమతో లోపలికి వచ్చి, రెండు పెట్టెలూ కలిపి, అంకెలకేసి చూస్తూ ఉండిపోయాడు. బొమ్మక్క తలుపు దగ్గర నిలబడింది. వెంకటసామి కళ్ళు మూసుకున్నాడు. ఎదురుగా మిల్లు గరగరమంటూనే ఉంది.

"నూరో వంతు కాదన్నా," అన్నాడు శ్రీనివాసన్ మెల్లగా. "వెయ్యిలో మూడు. అంతే తేడా. ఆ మిల్లు రొదంతా యాడికి పోతాండాది? గుంటలో ఎంత ఉప్పు వేస్తివి?"

"పిడికిడు," అంటూ వెంకటసామి కిటికీ తెరిచాడు. బయట ఒకామె సంచి బోర్లించి విదిలిస్తోంది. వెనకామె బిందె ఎత్తి పోస్తోంది. ఇట్లాంటి ఎర్త్ చూడలేదన్న అంతోణి మాట అప్పుడు తలకెక్కింది. కిటికీ నెమ్మదిగా మూశాడు.

"గది మీదే," అంది బొమ్మక్క. "మూలన నా మిషను పెట్టుకుంటా. మోటారు లేదులెండి, కాలితో తొక్కేదే. మీ అంకెలు ఎగరవు."

వెంకటసామి సిమెంటు పలకను ఇంటి వెనక్కి మోసుకుపోయాడు. తర్వాత ఒక బిందె నీళ్ళు, పిడికిడు ఉప్పు పట్టుకుని, తల వంచుకుని, వరస చివర నిలబడ్డాడు. ముందున్న మాయాండి తాత ఉప్పు కుప్పను చాలాసేపు చూసి, వెనక్కి తిరిగి అడిగాడు.

"ఇంత ఉప్పు తింటాండాదే తంబీ, ఆ దినం అంతోణి మిషను పెట్టి చూసినాడు గదా, అమ్మకి బీపీ ఎంతుండాదని చెప్పినాడు?"