ఎవరి లెక్క వాళ్లదే

ఆ ఉదయం లెక్కల టీచరమ్మ అనుకున్నది ఒక్కటే: పిల్లలకు కూడికల కాగితాలు పంచి, తనిఖీకి వచ్చే అధికారి ముందు ఆ పీరియడు ఎలాగో గట్టెక్కించాలి. క్లాసు బాగా జరిగితే హెడ్మాస్టరు సంతకం పెడతాడు, సంతకం పడితే ఉద్యోగం ఖాయం. లేదా, నెలాఖరుకి ఇంటికే.

"ఎందుకంత కంగారు? ఎక్సెల్‌లో ఫార్ములా పెట్టాను. అంకెలు అదే వేసుకుంటుంది. నువ్వు పైన పేరు మార్చుకుంటూ ప్రింటు కొట్టెయ్," అన్నాడు ఎకౌంట్స్ గుమాస్తా అయిన మొగుడు, షర్టు గుండీలు పెట్టుకుంటూ.

ప్రతి కాగితం మీదా పిల్లల పేరు అచ్చులోనే ఉండాలని హెడ్మాస్టరు హుకుం. ఆమె ఒక్కో పేరూ కొట్టి, ఒక్కో కాగితం తీసింది. పేర్లలో తప్పులున్నాయేమోనని పదేపదే చూసుకుంది గానీ కింది అంకెల జోలికి పోలేదు. చివర్లో పేరు చోట 'జవాబులు' అని కొట్టి ఆ కాగితమూ తీసి, దేవుడి మీద భారం వేసి బయల్దేరింది.

క్లాసులో వెనక బెంచీ మీద అధికారి, ఆయన పక్కనే హెడ్మాస్టరు. టీచరమ్మ గొంతు సవరించుకుంది.

"మొదటి లెక్క జవాబెంతమ్మా?"

"ఎనభై మూడు, టీచర్!" అంది ముందు బెంచీ పిల్ల.

చేతిలో కాగితం నలభై ఆరంటోంది. "తప్పు. పక్కన నువ్వు చెప్పు."

"డెబ్భై ఒకటి!"

"అదీ తప్పే. నువ్వు?"

"ముప్పై తొమ్మిది, టీచర్!"

హెడ్మాస్టరు కళ్లురిమాడు. ఆమె క్లాసు ఫస్టు పిల్లని పిలిచి బోర్డు మీద చెయ్యమంది. ఆ పిల్ల అంకెలు వేసిందో లేదో, ఒకటే గోల.

"టీచర్, ఆ లెక్క నాకు లేదు!"

"నాకూ లేదు టీచర్!"

అప్పుడు వెలిగింది ఆమెకు. పేరు మార్చినప్పుడల్లా ఆ మాయదారి ఫార్ములా అంకెలన్నీ కొత్తగా వేసి పెట్టింది. ఏ ఇద్దరి కాగితాలూ ఒకటి కావు, తన చేతిలోని జవాబులు ఎవరివీ కావు. అయిపోయింది, కొంప మునిగింది అనుకుంది.

అధికారి లేచి వచ్చి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాడు. "ఒక్కొక్కళ్లకీ ఒక్కో లెక్కా! ఎవరి పనండీ ఇది?"

ఆమె జవాబుల కాగితాన్ని వెనక్కి దాచుకుంది.

"ఇన్నేళ్ల సర్వీసులో కాపీ కొట్టడానికి వీల్లేని కాగితం ఇదే చూడటం! ఎవరి ఆలోచన?"

"నాదేనండీ! దగ్గరుండి నేనే చేయించాను," అంటూ హెడ్మాస్టరు ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు.

"భేష్! రేపు అన్ని బళ్ల టీచర్లనీ ఇక్కడికే పిలుస్తాను. కంప్యూటర్ ముందు కూర్చుని మీరే నేర్పాలి."

హెడ్మాస్టరు మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అధికారి గేటు దాటాడో లేదో, టీచరమ్మను గదిలోకి పిలిచి, బల్ల మీదున్న ఆమె ఉద్యోగం కాగితంపై సంతకం గీకేసి, గొంతు తగ్గించాడు.

"మీ ఉద్యోగానికి ఢోకా లేదమ్మా. ఇంతకీ... ఆ కంప్యూటర్‌ని ఆన్ చేసేదెక్కడ?"

భయం ఎక్కడికీ పోలేదు, బల్లకు అటువైపు మారిందంతే.