ఓవెన్‌లో ముత్తాతగారి రివాల్వర్

ఆ శనివారం ఉదయం ఎల్డన్ హాకెట్ పెట్టుకున్న పని చాలా చిన్నది. మామగారి రివాల్వర్ బాగుచేసి, మధ్యాహ్నం భోజనాల వేళకి ఆయన చేతిలో పెట్టాలి. ఏటా ఆ రోజున ఊరి బయట పచ్చికలో, అమెరికా అంతర్యుద్ధం నాటి ఉత్తరాది, దక్షిణాది సైన్యాల ఉత్తుత్తి యుద్ధం జరుగుతుంది. అత్తగారు మేబెల్‌గారి ముత్తాత అసలు యుద్ధంలో మోసిన రివాల్వర్ అది. దాన్ని ఆవిడ గాల్లోకి పేలిస్తే గానీ పచ్చికలో ఎవరూ చావడం మొదలుపెట్టరు.

మామగారు ఓర్విల్ దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఎల్డన్‌ని అయితే దాని దరిదాపులకే రానిచ్చేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో ఆయన పడవని ఒడ్డున కట్టడం మరిచిపోయి, నదికి కానుకగా ఇచ్చేసిన ఘనత అల్లుడిది. కానీ ఈ ఏడాది తుపాకీ వెనకుండే సుత్తిని లాగితే గుళ్ల చక్రం తిరగనని మొండికేసింది. చేతులు వణికే వయసు కదా, వేరే దారి లేక తెచ్చి అల్లుడి ముందు పెట్టాడు.

"చక్రం తిరిగితే చాలబ్బాయ్. పైనున్న ఆ గోధుమరంగు జోలికి మాత్రం వెళ్లకు. నూటయాభై ఏళ్ల రంగది. అది పోతే మళ్లీ రాదు. నువ్వూ మా గుమ్మం ఎక్కక్కర్లేదు."

ఈ ఒక్క పనీ సవ్యంగా చేస్తే మామగారు తనని మనిషిలా చూస్తాడని ఎల్డన్ ఆశ. చక్రంలో గుళ్లు పెట్టే గదులన్నీ ఖాళీయేనని ఒకటికి రెండుసార్లు చూసుకుని, పసిబిడ్డకి చొక్కా విప్పినట్టు విప్పాడు. చక్రాన్ని తోసే చిన్న కొక్కెం వెనక సన్నటి స్ప్రింగు విరిగిపోయి ఉంది. లోపలంతా పాత మందు మసి. నల్ల తుపాకిమందు కూరి పాతకాలపు తుపాకీలు కాల్చే ఆ ఊరివాళ్లందరూ చేసే పనే అతనూ చేశాడు. చెక్క పిడి ఊడదీసి, ఇనుమంతా వేడి సబ్బునీళ్లలో ముంచి తీసి, ట్రేలో పేర్చి, తడి ఆరడానికి గోరువెచ్చటి ఓవెన్‌లో పెట్టాడు. అందుకే ఆ ఊరి ఆడవాళ్లు ఓవెన్ వెలిగించే ముందు తలుపు తీసి చూస్తారు. ఎల్డన్ భార్య వెర్నాకీ చిన్నప్పటినుంచి ఆ అలవాటుంది.

అతను స్ప్రింగు వెతకడానికి గరాజులోకి వెళ్లాడు. వెర్నా ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పక్కింటి నోరా కొత్త కర్టెన్ల గురించి స్నేహితురాలికి చెబుతూ వంటింట్లోకి వచ్చింది. భోజనాలకి పీచ్ పండ్లతో ‘పై’ అనే తీపి రొట్టె కాల్చాలి. కబురు మంచి రంజు మీదుంది. తలుపు తీసి చూడకుండానే ఓవెన్ వేడి పూర్తిగా పెంచేసింది.

కాసేపటికి వంటింట్లో పొగ తప్ప ఏమీ కనిపించలేదు.

"ఎల్డన్! ఓవెన్‌లో ఏం తగలబెట్టావ్?"

"నేను ఆరబెట్టాను. తగలబెట్టింది నువ్వు!"

"అయ్యో, నాన్న రివాల్వర్!" అని వెర్నా పెట్టిన కేక పక్కింటికి వినిపించింది. నోరా వెంటనే ఫైరింజను వాళ్లకి ఫోన్ చేసింది. ఇంట్లోంచి పొగ వస్తోందనీ, రివాల్వరని అరుపులు వినిపిస్తున్నాయనీ, మొగుడూ పెళ్లాం గట్టిగా పోట్లాడుకుంటున్నారనీ చెప్పింది. పాపం, ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పలేదు.

మంటలార్పే స్వచ్ఛంద సేవకులంతా ఊరివాళ్లే. అందరూ అప్పటికే యుద్ధానికి ముస్తాబై ఉన్నారు. మధ్యాహ్నం ఒకరినొకరు చంపుకోవాల్సిన రెండు సైన్యాలూ ఒకే ఫైరింజనెక్కి వచ్చి, కాల్పుల భయంతో ఒకే కంచె వెనక బోర్లా పడుకున్నాయి. వాళ్లలో కెప్టెన్ దుస్తుల్లో ఓర్విల్ కూడా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఎల్డన్ చేతులకి వంటింటి తొడుగులతో, ట్రేలో పొగలు కక్కుతున్న రివాల్వర్‌తో గుమ్మంలోకి వచ్చాడు.

"తుపాకీ కింద పెట్టు!" అని కంచె అరిచింది.

"పెడితే గడ్డి అంటుకుంటుంది!" అన్నాడు ఎల్డన్ ఏడుపు గొంతుతో.

ఓర్విల్ మోకాళ్లు పట్టుకుని లేచాడు. "ఆపండ్రా, అది మా తుపాకీ" అంటూ దగ్గరికొచ్చి ట్రేలోకి చూశాడు. నూటయాభై ఏళ్ల రంగంతా మాడిన పాకంలా ట్రే అడుగున పేరుకుంది. ఇనుము బోడిగా మెరుస్తోంది. ఎల్డన్ లెక్క వేసుకున్నాడు. పడవ తర్వాత ఇది. ఇక అత్తారింట్లో తనకి కుర్చీ వేసేవాళ్లుండరు.

తలెత్తి మామగారి మొహం చూడలేక గొట్టం అడుగువైపే చూస్తూ ఉండిపోయాడు. అక్కడ మైనం కరిగిన చోట అక్షరాలు తేలాయి.

"'నల్ల తుపాకిమందుకు మాత్రమే'..." అని చదివాడు. ఆ యుద్ధం నాటికి ఇంకో రకం తుపాకిమందే లేదు కదా, ఇక ఈ హెచ్చరిక ఎవరికి? పక్కనే ఇంకో ముక్క ఉంది. "మేడ్ ఇన్..."

"మెల్లిగా చదువు!" అని ఓర్విల్ అతని నోరు మూసేశాడు. సైన్యాలని పచ్చికకి తరిమేసి, కూతుర్నీ అల్లుణ్నీ వంటింట్లోకి లాక్కెళ్లి తలుపేశాడు.

"పెళ్లైన కొత్తలో గొప్పకి దాన్ని నడుముకి కట్టుకుని చేపలకి వెళ్లాను. నదిలో పడిపోయింది. మీ అమ్మకి చెబితే బతకనిస్తుందా? ఇటలీ నకలు పోస్టులో తెప్పించి, అక్షరాల్లో మైనం కూరి, బూటు పాలిష్ రుద్దాను. ఆ పాపానికి అప్పటినుంచి మీ అమ్మ గిన్నెలన్నీ నేనే తోముతున్నాను."

"మరి నూటయాభై ఏళ్ల రంగు అన్నారు?" అన్నాడు ఎల్డన్.

"నిన్ను భయపెట్టడానికి అన్నాన్లే."

ఎల్డన్ ఓవెన్ పక్కనే నేలమీద కూలబడి నవ్వాడు, కాస్త ఏడ్చాడు కూడా. గుండెల మీంచి పడవా రివాల్వరూ రెండూ దిగిపోయాయి. వారసత్వపు వస్తువు కాదని తేలాక చేతికి ధైర్యం వచ్చింది. వెర్నా జడలోంచి పిన్ను లాగి, విరిచి, వంచి కొక్కెం వెనక దూర్చాడు. చక్రం టకటకమని తిరిగింది. ఓర్విల్ తన బూట్ల పాలిష్ డబ్బా తెప్పించి, అల్లుడి పక్కన కూర్చుని, పాతికేళ్ల కుర్రాడిలా రుద్దాడు.

"పడవ సంగతి వదిలెయ్యబ్బాయ్. ఎలాగూ అది చిల్లు పడవే" అన్నాడు మధ్యలో.

మధ్యాహ్నం మేబెల్‌గారు సుత్తి లాగి, గాల్లోకి పేల్చారు. సైనికులు ఆనందంగా చావడం మొదలుపెట్టారు. ఆవిడ రివాల్వర్ ఎల్డన్‌కి అందిస్తూ గోధుమరంగు అంటిన వేళ్లు చూపించారు.

"ఇంకా ఆరలేదు అల్లుడూ. ఓర్విల్ కూడా మొదటిసారి ఇలాగే తొందరపడ్డాడు."

"మీకు... తెలుసా అత్తయ్యా?"

"ఆయన నదిలో పారేసిందీ ఇటలీదేనయ్యా. ముత్తాతగారిది మా నాన్న ఏనాడో పోగొట్టాడు. ఆయనా మా ఇంటికి అల్లుడిగా వచ్చినవాడే."

"మరి ఇన్నేళ్లూ మామగారికి చెప్పలేదేం?"

"చెబితే నా గిన్నెలు ఎవరు తోముతారు?"

ఎల్డన్ చొక్కా చేతులు పైకి మడుచుకుని భోజనాల గిన్నెల వైపు నడిచాడు.