ఎద్దులు లాక్కొచ్చిన కొత్త కారు

పాతబడే కొద్దీ ధర పెరిగే వస్తువులు ఈ లోకంలో మూడే ఉన్నాయి: పాత బెల్లం, పాత నెయ్యి, పాత కారు. మొదటి రెండింటి జోలికి ప్రభుత్వం ఇంకా పోలేదు. అందుకే అవి దొరుకుతున్నాయి.

మూడోదాని సంగతి ప్రభుత్వానికి 1958లో తెలిసింది. ‘గరుడ’ అనే నాలుగు తలుపుల చిన్న కారు కొత్తదైతే కంపెనీ ధరకే ఇస్తారు, కానీ ఇవ్వరు. పాతదైతే ఎవరైనా ఇస్తారు, కానీ కొత్తదానికి ఒకటిన్నర రెట్లు అడుగుతారు. ఇది న్యాయం కాదని గ్రహించిన ప్రభుత్వం, కార్లు ఎక్కువ చేయించడం అనే దగ్గరి దారి వదిలేసి (దగ్గరి దారుల్లో ఆడిట్ అభ్యంతరాలుంటాయి) ప్రొద్దుటూరులో ఒక దూది మండీ మేడ మీద ‘వాహన విలువల నిర్ధారణ ఉపశాఖ’ తెరిచింది. ఈ ఉపశాఖ ధ్రువపత్రం లేనిదే పాత కారు చేతులు మారకూడదు. పత్రంలో రాసే ధర కొత్తదాని ధరను మించకూడదు.

జమ్మలమడుగు డాక్టర్ కామాక్షికి ఈ నిబంధనలన్నీ కంఠతా వచ్చు. నలభై రెండేళ్ళ మనిషి, పురుళ్ళ డాక్టరు. ఆమెకు ఒక జట్కా, ఒక ముసలి గుర్రం, ఒక డ్రైవింగ్ లైసెన్సు ఉన్నాయి. మద్రాసులో చదువుకునే రోజుల్లో కారు నడపడం నేర్చుకుంది. ఆ తర్వాత కారెక్కిందే లేదు గానీ, లైసెన్సును మాత్రం గడువు దాటనివ్వలేదు.

ఇవి కాక ఒక చిన్న నోట్‌బుక్ ఉంది. ఏ పురుటికి ఎంత ఆలస్యంగా చేరిందో అందులో రాసుకుంటుంది. నిరుటి పేజీలో పద్నాలుగు పేర్లున్నాయి. రెండో పేరు ఖదీజా, ముద్దనూరు దగ్గరి పల్లె, నాలుగు గంటలు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ ఖదీజాకు ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి వేళకు వస్తానని కామాక్షి మాట ఇచ్చింది. గుర్రాన్ని అడగకుండానే ఇచ్చింది.

కొత్త గరుడకు ఆమె 1956లోనే దరఖాస్తు పెట్టింది. వరుస సంఖ్య 211. జిల్లాకు ఏటా మూడు కార్లు కేటాయిస్తారు. ఒకటి అధికారులకు, ఒకటి అధికారులు పరిశీలించడానికి, మిగిలింది ప్రజలకు. ఆ ప్రకారం ఆమె వంతు 2167లో వస్తుంది. (దరఖాస్తుదారు ఆ రోజు స్వయంగా హాజరు కావాలనీ, ఆలస్యమైతే కేటాయింపు రద్దవుతుందనీ రసీదు వెనక ఎర్ర అక్షరాల్లో ఉంది.)

అంతవరకు ఆగే ఓపిక లేక 1961 ఫిబ్రవరిలో ఆమె పాత కారు వైపు చూసింది. పులివెందుల ఆదినారాయణ రెడ్డి దగ్గర ఆరేళ్ళ గరుడ ఒకటి ఉంది. అమ్మడానికి రెడ్డి సిద్ధమే. ఆయన భార్య ప్రమీలమ్మ మాత్రం, వెనక సీటు మీద రెండు కోళ్ళు పొదుగుతున్నాయనీ, గుడ్లలోంచి పిల్లలు లేచేదాకా బేరం వద్దనీ అడ్డుపడింది. ఆ గడువు కూడా ముగిశాక కామాక్షి ఉపశాఖ మెట్లెక్కింది.

ఉపశాఖకు హెడ్ క్లర్కూ, ఒక విధంగా ఉపశాఖ మొత్తమూ గురురాజారావే. ఆయన ఆమె కాగితాలను వెనక నుంచి ముందుకు చదివాడు.

“అమ్మా, మీకు రెండు చిక్కులున్నాయి. మోటారుకు విలువ కట్టే లైసెన్సున్న మనిషి మా పరిధిలో లేడు. అట్లాంటప్పుడు పన్నెండో నిబంధన కింద, ఏ ప్రయాణ సాధనానికైనా సరే, విలువ కట్టే లైసెన్సు ఎవరికుంటే వారిని పిలవాలి.”

“ఎవరికుంది సామీ?”

“ఒక్కడికే. వలి బాషా. ఎద్దుల సంతలో దలారి.”

ఆ పేరు కామాక్షికి తెలుసు. వలి బాషా కూతురే ఖదీజా.

“రెండో చిక్కు?”

“పాతదాన్ని కొత్తదాని పక్కన నిలబెట్టి విలువ కట్టాలి. కొత్తది ఎదురుగా లేకపోతే, పాతది ఎంత పాతదో ఎట్లా తెలుస్తుంది? మీ అదృష్టం బాగుంది. మా దగ్గర ఒక కొత్తది ఉంది.”

నిజంగానే ఉంది. మండీ వెనక రేకుల షెడ్డులో, మూడు దుప్పట్ల కింద, రెండేళ్ళుగా ఉంది. అధికారులు పరిశీలించడానికి వచ్చిన కారు అది. జిల్లాలో అధికారికంగా కొత్తదని చెప్పదగ్గ కారు అదొక్కటే. నడిపితే పాతదైపోతుంది కనుక దాన్ని ఎవరూ నడపలేదు.

“మరి పులివెందులకు ఎట్లా తెస్తారు?”

ఇంత చదువుకున్న మనిషి ఇదేమి ప్రశ్న అన్నట్టు గురురాజారావు ఆమె వైపు చూశాడు.

“ఎద్దులతో,” అన్నాడు.

మూడు రోజులు పట్టింది. జత ఎద్దులు ముందు నడిచాయి. వాటి వెనక తాళ్ళతో కట్టిన కొత్త కారు దొర్లింది. బంట్రోతు బయట నడుస్తూనే కిటికీలో చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పాడు. లోపల కూర్చుంటే సీటు పాతదవుతుంది కనుక గురురాజారావు నలభై మైళ్ళూ గొడుగు వేసుకుని పక్కనే నడిచాడు. దారిలో ఊరూరా జనం వచ్చి, బండి చెడిపోయిందా అని అడిగారు. లేదనీ, చెడిపోకూడదనే ఇట్లా తీసుకుపోతున్నామనీ ఆయన ప్రతి ఊళ్ళోనూ ఓపికగా చెప్పాడు.

పులివెందులలో రెడ్డి ఇంటి ముందు రెండు కార్లనూ పక్కపక్కన నిలబెట్టారు. జమ్మలమడుగు నుంచి కామాక్షి ముందురోజే బస్సులో వచ్చి దిగింది. వలి బాషా అరవై ఏళ్ళ మనిషి, భుజం మీద గళ్ళ తువాలు. పాత కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, ముందుకొచ్చి గొంతుకూర్చున్నాడు. రేడియేటరు ముందరి కమ్మీలను, ఎద్దు పళ్ళు లెక్కపెట్టినట్టు, వేలితో ఒక్కొక్కటే తాకి చూశాడు.

“అన్ని పండ్లూ ఏసింది రెడ్డెప్పా. ఎనిమిదేండ్లుంటాయి.”

“ఆరేండ్లేప్పా. కాయితముంది.”

“సంతలో కాయితం జూసి ఎద్దును కొన్నోడు ఎవడన్నా ఉన్నాడా? సరే. పొడుస్తాదా?”

“ఒకసారి గోడను పొడిచింది. గోడ కొత్తగా కట్టించినా.”

“మేత?”

“గ్యాలనుకు ముప్పై మైళ్ళు. ఎండాకాలం నీళ్ళు శానా తాగుతాది.”

“పొద్దున్నే లేస్తాదా, తోక మెలిపెట్టాల్నా?”

“చలికాలం మెలిపెట్టాల్సిందే.”

గురురాజారావు ఇవన్నీ ఫారంలో ‘ఇతర గుణగణములు’ అనే గడిలో రాసుకున్నాడు. తర్వాత వలి బాషా కాళ్ళు చూడాలన్నాడు. ముప్పై ఏళ్ళ దలారీ పనిలో గిట్టలు ఎత్తి చూడకుండా అతను ఏ పశువుకూ ధర చెప్పలేదు. కారును రాళ్ళ మీదకెత్తించి, చక్రాలు నాలుగూ విప్పించి, వరసగా గోడకు ఆనించాడు. బేరం తెగేదాకా కాళ్ళు తిరిగి బిగించకూడదని సంత ఆచారం. బిగిస్తే అమ్మేవాడు మనసు మార్చుకుని తోలుకుపోతాడట. ఇది మంచి ఆచారమని గురురాజారావుకు తోచింది. నట్టులన్నీ గుడ్డసంచిలో వేసి, మూతి కట్టి, లక్క ముద్ర వేశాడు.

కొత్త కారు దగ్గర వలి బాషా ఎక్కువసేపు నిలబడలేదు.

“సామీ, ఇది ఎప్పుడన్నా నడిచిందా?”

“లేదు.”

“మరి ఈడికెట్ల వచ్చె?”

“ఎద్దులు లాక్కొచ్చాయి. చూశావు కదా.”

“చూసినా. అందుకే అడుగుతాండా.” వలి బాషా గడ్డం నిమురుకున్నాడు. “నా లెక్క ఇంతే సామీ. పాతది తనంతట తానొస్తాది. కొత్తది రావాల్నంటే జత ఎద్దులు గావాల. కాబట్టి పాతదాని ధర ఎంతంటే, కొత్తదాని ధర, ఆ పైన జత ఎద్దుల ధర.”

మూడేళ్ళుగా పెద్ద పెద్ద సంఘాలు కూర్చుని తేల్చలేకపోయిన విషయాన్ని ఒక దలారి రెండు ముక్కల్లో చెప్పడం గురురాజారావుకు ఇబ్బందిగా అనిపించింది.

“కొత్తదానికి మించి రాయడానికి గడి లేదు బాషా.”

“గడిలో నీ ఇష్టమొచ్చింది రాసుకో సామీ. ధర యాడ తేలాల్నో ఆడ తేల్తాది,” అంటూ వలి బాషా భుజం మీది తువాలు తీసి దులిపాడు.

సంతలో ధర నోటితో చెప్పరు. తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా బేరం ముగ్గురికే తెలుస్తుంది: కొనేవాడికి, అమ్మేవాడికి, దలారికి. (ప్రభుత్వం ఇదే పనిని బల్ల కింద చేస్తుంది. తువాలు ఖర్చు మిగులుతుంది.)

కామాక్షి చెయ్యి చాపింది. రెడ్డి వెనక్కి తగ్గాడు.

“డాక్టరమ్మా, తువాలు కింద ఆడోళ్ళు చెయ్యి పెట్టేది యాడా లేదు. మీ నాయన్ని పిలిపిచ్చు.”

“రెడ్డెప్పా, కండ్లకు కనపడని చోట చెయ్యి పెట్టి తడుముకునేదే ఇరవై ఏండ్లుగా నా పని. నీ కొడుకులిద్దర్నీ అట్లనే పట్టుకున్నా.”

లోపలి నుంచి ప్రమీలమ్మ నవ్వు వినిపించింది. రెడ్డి చెయ్యి పెట్టాడు. తువాలు కింద వేళ్ళు కదిలాయి. కాసేపటికి కామాక్షి తల పైకెత్తింది.

“ఇది రెడ్డెప్ప చెయ్యి. ఇది బాషాది. ఇది నాది. ఈ నాలుగోది ఎవరిది?”

కామాక్షి ఆ మణికట్టు మీద వేలు నొక్కింది.

“నాడి నూటిరవై కొట్టుకుంటాంది. ఈ మనిషికి జ్వరమన్నా ఉండాల, ప్రభుత్వోద్యోగమన్నా ఉండాల.”

“సాక్షిగా పెట్టాను,” అన్నాడు గురురాజారావు, ఆకాశం వైపు చూస్తూ.

“సాక్షి అయితే మూడు వేళ్ళెందుకు చూపిస్తాండావు సామీ?” అని వలి బాషా మర్యాదగా అడిగాడు.

సమాధానం వచ్చేలోపల ముద్దనూరు బస్సు ఆగిన చప్పుడైంది. అందులోంచి దిగిన మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వలి బాషా అల్లుడు, ఖదీజా భర్త.

“మామా, రాత్రి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్తాంది. డాక్టరమ్మ ఈడ ఉందన్నారే.”

పురుటి గడువుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. తిరుగు బస్సు మూడు గంటలకు. వలి బాషా పాత కారు వైపు చూశాడు. అది రాళ్ళ మీద ఉంది. తను విప్పించిన చక్రాలు నాలుగూ గోడకు ఆని ఉన్నాయి.

“నట్టులియ్యి సామీ,” అన్నాడు.

“సీలు తీయాలంటే కడప నుంచి ఉత్తర్వు రావాలి.” గురురాజారావు సంచీ గట్టిగా పట్టుకున్నాడు. గొంతు మాత్రం అంత గట్టిగా లేదు.

కామాక్షి మందుల పెట్టె తీసుకుని కొత్త కారు దగ్గరికి నడిచింది.

“ఎద్దుల్ని ఇప్పండప్పా.”

“అమ్మా, నడిపితే అది పాతదవుతుంది.”

“తెలుసు సామీ.”

“జిల్లాలో కొత్త కారనేదే లేకుండా పోతుంది. నా ఉద్యోగం కూడా ఉండదు.”

“నాలుగు గంటలు లేటయితే ఏమయితాదో పోయినసారి ఈ బాషా చూసినాడు. ఆయన్నడుగు.”

గురురాజారావు వలి బాషాను ఏమీ అడగలేదు. కారుకు ఎదురుగా వెళ్ళి, చేతులు రెండూ చాచి నిలబడ్డాడు.

“నిబంధన ప్రకారం నేను అడ్డుపడాలి. అడ్డుపడ్డాను,” అన్నాడు. తర్వాత పక్కకు తప్పుకున్నాడు. ఎంతసేపు అడ్డుపడాలో నిబంధనలో లేదు.

రెడ్డి తన కారులోని బ్యాటరీ తీసి కొత్తదానికి బిగించాడు. ఇంట్లో ఉన్న పెట్రోలు పోసి, ముందు హ్యాండిలు తిప్పాడు. ఏడో తిప్పుకు ఇంజను అందుకుంది. బెదిరిన ఎద్దులు వీధి చివరిదాకా పరుగెత్తాయి. కామాక్షి స్టీరింగ్ పట్టుకుంది. మామా అల్లుళ్ళు వెనక, సీటు మీద కప్పిన కాగితం కూడా తీయకుండా కూర్చున్నారు. ఇరవై నాలుగు మైళ్ళకు యాభై నిమిషాలు పట్టింది.

మధ్యాహ్నం ఒకటింబావుకు ఖదీజాకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. కామాక్షి చేతులు కడుక్కుని నోట్‌బుక్ తీసి, ఖదీజా పేరు పక్కన, ఆలస్యం అన్న చోట సున్నా పెట్టింది. ఆ పుస్తకంలో అదే మొదటి సున్నా.

తర్వాతి సంగతులు ఉపశాఖ నిబంధనల ప్రకారం నడిచాయి. నమూనా కారు రానూపోనూ నలభై ఎనిమిది మైళ్ళు తిరిగి పాతదైంది. పాతదైంది కనుక దాని ధర ఒకటిన్నర రెట్లయింది. ప్రభుత్వ ఆస్తి విలువను ఒక్క పూటలో ఇంతగా పెంచిన ఉద్యోగి ఇదివరకు లేడని పైవారు గుర్తించి, గురురాజారావుకు పదోన్నతి ఇచ్చి కడపకు బదిలీ చేశారు. జిల్లాలో కొత్త కారు లేదు కనుక, పక్కన నిలబెట్టి పోల్చే వీలు లేక, ఏ పాత కారుకూ విలువ కట్టడం కుదరదని తేలింది. రెడ్డి కారు రెడ్డి దగ్గరే ఉండిపోయింది. ప్రమీలమ్మ కోళ్ళు మళ్ళీ పొదిగాయి.

పదో రోజు కామాక్షికి మెమో వచ్చింది. ‘దరఖాస్తుదారు కొత్త కారును స్వయంగా నడిపియున్నందున, కొత్త కారు ఆమెకు అందినట్లుగానే భావించి, వరుస సంఖ్య 211 ఇందుమూలముగా రద్దు చేయడమైనది.’

మెమో సంగతి తెలిసి వలి బాషా మర్నాడే ప్రొద్దుటూరు వెళ్ళి, పొద్దంతా ఉపశాఖలో కొత్త హెడ్ క్లర్కుతో వాదించి, సాయంత్రానికి జమ్మలమడుగు వచ్చాడు.

“డాక్టరమ్మా, ఆ నంబరు నీకు మళ్ళా ఇయ్యరంట. కొత్త కారు ముట్టుకోనోళ్ళకయితే ఎవరికన్నా ఇస్తారంట. మా మనవరాలి పేరు మీద రాయించినా. అది వచ్చినపొద్దు బండి నీదే,” అని రసీదు చేతిలో పెట్టాడు.

కామాక్షి చదివింది. వరుస సంఖ్య 211. దరఖాస్తుదారు వయసు పదకొండు రోజులు. వంతు 2167. వెనక ఎర్ర అక్షరాలు: దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలి, ఆలస్యమైతే కేటాయింపు రద్దు.

ఆమె రసీదును మడిచి నోట్‌బుక్‌లో పెట్టుకుంది. మందుల పెట్టె అందుకుని జట్కా కట్టమని చెప్పింది. చాపాడు నుంచి పురుటి కబురు బయల్దేరి అప్పటికే గంటన్నర అయింది.