వనజమ్మ బోటెక్కిన రోజు

కార్తీకం చివర్లో, చలి ఇంకా పూర్తిగా ముదరక ముందు, ఒక మంగళవారం పొద్దున ఆదినారాయణ తన భార్యను బోటు ఎక్కించడానికి బయలుదేరాడు. గత ఇరవై ఏళ్ళలో ఆయన ఇంత అమాయకమైన పని ఇంకోటి చేయలేదు.

కోరిక వనజమ్మది. ప్రొద్దుటూరులో ఉన్న కూతురు పావని ఫోనుకు ఒక వీడియో పంపింది. జమ్మలమడుగు దాటాక కొండల మధ్య నిలిచిన నీళ్ళ ఒడ్డున కొత్తగా ఒక రిసార్టు కట్టారు. చలికాలం మొదట్లో అక్కడికి వెళ్తే ఏమేం చేయవచ్చో అందులో చూపించారు. తెల్లవారుజామున నీళ్ళ మీద మంచు చూడవచ్చు. ఇద్దరు కలిసి తొక్కే సైకిలు ఎక్కవచ్చు. విల్లు పట్టి బాణాలు వేయవచ్చు. చీకటి పడ్డాక చలిమంట కాచుకోవచ్చు. వనజమ్మ ఇవన్నీ ఒకసారి చూసి వదిలేసింది. పొద్దు గుంకే వేళ బోటులో ఇద్దరు కూర్చుని నీళ్ళ నడిమికి పోయే ముక్కను మాత్రం మళ్ళీ మళ్ళీ చూసింది. ఆమె పుట్టింది వేముల దగ్గర, మెట్టినది పులివెందుల దగ్గర. నీళ్ళ కోసం బోర్లు వేయించడమే తప్ప, నీళ్ళ మీద పోవడం ఆ రెండు ఇళ్ళలోనూ ఎవరూ ఎరగరు.

ఆమె పెట్టిన షరతు ఒకటే.

"ఈ పొద్దు ఒక్కదినం రాజకీయం మాట్లాడగూడదు. ఫోను ఆపేయాల."

"మూడు దినాల్లో ఓటింగు పెట్టుకోని ఫోను ఆపమంటావేంది మే?"

"మూడు దినాలుండాయి గదా. ఒకటి పోతే ఇంకా రెండు మిగుల్తాయి."

లెక్క సరిపోయింది కాబట్టి ఆయన ఫోను ఆపేశాడు.

ఆ ఓటింగు మండల ఉపాధ్యక్ష పదవికి. మండల పరిషత్తులో తొమ్మిది మంది సభ్యులు, వాళ్ళలో ఆరుగురు ఆడవాళ్ళు. ఆ ఆరుగురిలో వనజమ్మ ఒకతె. గెలిచింది ఆమె, ప్రమాణం చేసింది ఆమె, సంతకాలు పెట్టేది ఆమె. అయినా ఊళ్ళో అందరూ ఆదినారాయణను 'మెంబరు' అంటారు, ఆమెను 'మెంబరు గారి భార్య' అంటారు. మిగతా అయిదుగురిలో ఒక్కరిని మినహాయిస్తే అందరి పరిస్థితీ ఇదే. సమావేశాలకు భర్తలు వెళ్ళి ముందు వరుసలో కూర్చుంటారు. భార్యలు వెనక కూర్చుని, చెయ్యి ఎత్తమన్నప్పుడు ఎత్తుతారు.

తెల్ల బట్టలు తప్ప ఎరగని ఆదినారాయణకు వనజమ్మ ఆ రోజు గళ్ళ చొక్కా తొడిగించింది. చలికి మంకీ క్యాపు కూడా పెట్టింది. కారు వెనక సీట్లో రెండు జతల బట్టలున్న సంచి పడేసింది. ముద్దనూరులో టిఫినుకు ఆగేసరికి ఆయన్ను ఆయనే గుర్తుపట్టేలా లేడు.

అక్కడ హఫీజ్ కనిపించాడు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే రీవైండింగ్ పని చేస్తాడు. అతని భార్య షాహీదాబీ కూడా మండల సభ్యురాలే; ఆమెకు పనున్న రోజు ఇంట్లో వంట అతనే చేస్తాడు. హఫీజ్ మంకీ క్యాపు లోపలికి తొంగి చూశాడు.

"అన్నా, నువ్వేనా? ఈ వేషమేంది? యాడికి పోతాండారు?"

యాభై ఎనిమిదేళ్ళ మనిషి పెళ్ళాన్ని షికారుకు తీసుకుపోతున్నానని నడిబజారులో ఎలా చెబుతాడు? ఆదినారాయణకు సిగ్గేసింది.

"ఊరికే. అట్ల పోయొస్తాం లే."

కారులోంచి వనజమ్మ తల బయటపెట్టింది. దాచుకోవలసిన పని ఆమెకేమీ కనిపించలేదు.

"బోటు ఎక్కేదానికి పోతాండాం హఫీజూ. జమ్మలమడుగు అవతల రిసార్టు ఉండాదంట."

మిగతా లోకంలో రిసార్టు అంటే ఏమిటో గానీ, మన రాజకీయాల్లో దానికి ఒకటే ఉపయోగం. ఓటింగు ముందు సభ్యులను ఎత్తుకుపోయి, ఎదుటి వర్గానికి దొరక్కుండా దాచిపెట్టే చోటు అది. దాన్ని 'క్యాంపు' అంటారు. హఫీజ్ చూస్తే కారులో సభ్యురాలు, వెనక సంచి, మొహం కనపడకుండా మెంబరు. కారు కదిలాక ఆదినారాయణ నంబరుకు ఒకసారి కొట్టి చూశాడు. స్విచ్ ఆఫ్ అని వచ్చింది. ఇంకేం కావాలి?

హఫీజ్‌ది పట్టు పట్టే స్వభావం కాదు. కాకపోతే ఏ క్యాంపులోనూ లేనివాణ్ణి తర్వాత రెండు వర్గాలూ అనుమానిస్తాయని అతనికి తెలుసు. అందుకని ఇంటికి పోయి షాహీదాబీని ఆటోలో కూర్చోబెట్టుకున్నాడు. పెద్దమనిషికి చెప్పకుండా పోవడం మర్యాద కాదని ఎదుటి వర్గం విష్ణువర్ధన్‌కు కూడా ఫోను చేసి, తాను ఆదినారాయణ క్యాంపుకు పోతున్నట్లు చెప్పాడు.

ఇవేమీ తెలియని ఆదినారాయణ, వనజమ్మ ఆ పూట హాయిగా గడిపారు. రిసార్టు మేనేజరు సుధీర్ అమలాపురం నుంచి వచ్చినవాడు. మంగళవారం నాడు ఇద్దరు అతిథులు రావడమే అతనికి పండగ.

"ముందు సైకిలు తొక్కుతారాండీ? బాణాలు వేస్తారాండీ? బోటు మాత్రం సాయంత్రం ఒక్కసారే వెళ్తుందండి."

ఆదినారాయణ వేసిన బాణం గురి తప్పి వంటగది రేకుల మీద పడింది. వనజమ్మ వేసింది అట్ట మీద, అంచునైనా సరే, గుచ్చుకుంది. ఇద్దరూ సైకిలు ఎక్కి నీళ్ళ ఒడ్డున రెండు చుట్లు తిరిగారు. చల్లగాలి తగులుతుంటే ఆమె వెనక కూర్చుని ఊరికే నవ్వింది. పెళ్ళో, చావో, పంచాయితీయో ఏదీ లేకుండా ఇద్దరూ కలిసి ఒకచోట ఉండడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆదినారాయణకు ఆ సంగతి తట్టి, ముందే తీసుకొచ్చి ఉండాల్సింది అనుకున్నాడు.

మూడో చుట్టు తిరుగుతుండగా గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి హఫీజ్, షాహీదాబీ దిగారు.

"వచ్చేసినామన్నా. మా గది యాడ?" అన్నాడు హఫీజ్.

ఇంటికి వచ్చినవాళ్ళను, చివరికి అది మన ఇల్లు కాకపోయినా, ఎందుకు వచ్చారని అడగడం ఆదినారాయణ వంశంలో లేదు. "రాండి, రాండి" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఉండగానే విష్ణువర్ధన్ కార్లు రెండు దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. విష్ణువర్ధన్ భార్య లక్ష్మీప్రసన్న కూడా సభ్యురాలు. ఆయన వరసకు ఆదినారాయణకు అల్లుడవుతాడు, రాజకీయంలో మాత్రం ఇద్దరికీ పొసగదు.

"మామా, నీ దగ్గర ఎంతమంది ఉండారు?"

"ఎంతమందేంది? నేనూ, మీ అత్త."

"నిజం చెప్పు మామా."

"బోటు ఎక్కేదానికి వచ్చినామప్పా."

విష్ణువర్ధన్ పక్కకు తిరిగి తన మనుషులతో మెల్లగా అన్నాడు. "మామ నోరిప్పల్యా. శానా గట్టి ప్లానే ఏసినాడు."

తర్వాత సుధీర్‌ను పట్టుకున్నాడు.

"మీ దగ్గర గదులెన్ని?"

"ఇరవై అండి. అన్నీ శుభ్రం చేయించి సిద్ధంగా ఉంచామండి."

ఇరవై గదులు సిద్ధం. విష్ణువర్ధన్ వేళ్ళ మీద సభ్యులను లెక్కపెట్టుకున్నాడు. తన వర్గం అనుకున్నవాళ్ళలో ఎంతమందికి ఇప్పటికే ఇక్కడ గది ఇచ్చారో? ఇంటి దగ్గర ఉంటే ఎవరెవరిని ఎత్తుకొస్తారో? ఆలోచించి ఆలోచించి, మిగిలిన సభ్యులందరినీ తానే ఇక్కడికి పిలిపించి, తన కళ్ళ ముందు పెట్టుకోవడమే మంచిదని తేల్చుకున్నాడు. ఒకరు బయలుదేరారని విని ఇంకొకరు బయలుదేరారు. మధ్యాహ్నం భోజనాల వేళకు తొమ్మిది మంది సభ్యులూ, వాళ్ళ వెంట వచ్చే మందీ, మొత్తం మండల పరిషత్తు కొండల మధ్యకు చేరుకుంది. ఆఫీసులో ఏ సమావేశానికీ అంత హాజరు లేదు.

సుధీర్ దీన్ని పెళ్ళివారి బృందం అనుకుని, పెళ్ళికొడుకు ఎవరండీ అని ఇద్దరు ముగ్గురిని అడిగాడు. అందరూ ఆదినారాయణను చూపించారు.

ఆదినారాయణ నిజం చెప్పే కొద్దీ ఆయన విలువ పెరిగింది. క్యాంపు కాదన్నాడు, ఎంత లోతు మనిషి అనుకున్నారు. తనకు ఏ పదవీ వద్దన్నాడు, ధర పెంచుతున్నాడనుకున్నారు. చివరికి విష్ణువర్ధన్ ఆయన్ను చేయి పట్టుకుని భోజనాల హాల్లోకి తీసుకుపోయాడు.

"మామా, దాగుడుమూతలు వద్దు. కుర్చీ నువ్వే తీసుకో. మొదటి సగం నీది, రెండో సగం నాది. ఏమంటావు?"

గెలిచినప్పటి నుంచి తిరిగి తిరిగి అడిగినా దొరకని కుర్చీ. అడక్కుండానే వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఆదినారాయణ కాసేపు వనజమ్మ షరతును గుర్తుచేసుకున్నాడు. తర్వాత గుర్తుచేసుకోవడం మానేశాడు.

అప్పటికి పొద్దు వాలుతోంది. వనజమ్మ నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని బోటు దగ్గర నిలబడి ఉంది. ఆదినారాయణ గబగబా ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఒక్క అయిదు నిమిషాలు మే. మాట్లాడేసి వస్తా."

వనజమ్మ కొండల వైపు చూసింది. "పొద్దు గుంకేది అయిదు నిమిషాలే" అంది. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే ఆయన బహుశా ఆగేవాడు.

హాల్లో అయిదు నిమిషాలు ఎలా గడుస్తాయో అందరికీ తెలిసిందే. మొదటి సగం ఎప్పుడు మొదలవుతుంది, రెండో సగం ఎప్పుడు ముగుస్తుంది అని మొదలైంది. రెండో సగంలో పదవి దిగనంటే ఎట్లా అని ఒకాయన అడిగాడు. దేవుడి మీద ప్రమాణం చేద్దామన్నారు. ఏ దేవుడో తేలడానికి రెండు విడతలు టీ తాగవలసి వచ్చింది. మధ్యలో ఒకసారి ఆదినారాయణ కిటికీలోంచి బయటికి చూశాడు. బోటు కదిలిపోతోంది. లేవబోయాడు గానీ సరిగ్గా అప్పుడే విష్ణువర్ధన్ ఆయన భుజం మీద శాలువా కప్పాడు.

ఒప్పందం కుదిరి మగవాళ్ళంతా ఒడ్డుకు వచ్చేసరికి సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. నీళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు నడుమ బోటు కదలకుండా నిలిచి ఉంది. అందులోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఒడ్డున సుధీర్, హఫీజ్ మాత్రం ఉన్నారు. హఫీజ్ ఏ సమావేశానికి పోయినా లోపలికి రాడు, బయటే నిలబడతాడు. ఈ రోజూ అంతే.

"బోటు ఆగిపోయిందేందయ్యా?" అని ఆదినారాయణ కంగారుగా అడిగాడు.

"ఆగిపోలేదండి, ఆపించారండి. కార్లలో కూర్చుని ఉన్న మేడమ్ గార్లను కూడా వనజమ్మ గారే పిలుచుకుని ఎక్కించారండి. ఆరుగురూ ఉన్నారు. ఇంజను చప్పుడు లేకుండా కాసేపు మాట్లాడుకుంటామన్నారండి."

మగవాళ్ళు చేతులు కట్టుకుని చలిలో నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. అందరి కోసం నిర్ణయం తీసుకుని వచ్చి, చెప్పడానికి మనుషులు లేక ఎదురుచూడడం వాళ్ళకు కొత్త.

బోటు ఒడ్డుకు వచ్చింది. వనజమ్మ ముందుగా దిగింది. ఆదినారాయణ ఆమె మొహం చూశాడు. పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో చూసిన మొహం అది. దాన్ని తెప్పించింది తాను కాదన్న సంగతి ఆయనకు సూటిగా తగిలింది.

"శానా బాగుండె. నువ్వూ ఉంటే ఇంకా బాగుండు" అంది వనజమ్మ.

విష్ణువర్ధన్ గొంతు సవరించుకున్నాడు. "అత్తా, మీరంతా ఇనండి. ఉపాధ్యక్ష పదవి గురించి మేమొక మాట అనుకున్నాం."

"మేమూ అనుకున్నాంలే అల్లుడా. షాహీదాబీకి ఇస్తాండాం."

షాహీదాబీ తల వంచుకుని జాకెట్ బకిల్ విప్పుకుంటోంది. హఫీజ్ వెనక్కి తిరిగి ఇంకెవరైనా షాహీదాబీ ఉన్నారేమో చూశాడు.

"ఆమెకా? ఎందుకు?" అన్నాడు విష్ణువర్ధన్.

ఆయన భార్య లక్ష్మీప్రసన్నే జవాబు చెప్పింది. "ఆమెకు కుర్చీ ఇస్తే ఆమే కూచుంటాది గాబట్టి."

తొమ్మిదిలో ఆరు ఎంతో లెక్క వేయడానికి మగవాళ్ళకు కాస్త సమయం పట్టింది. వేశాక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈ రాత్రి ఇంటికి పోయాక నచ్చజెప్పుకోవచ్చులే అన్న ధైర్యం అందరి కళ్ళలో ఒకేసారి వెలిగింది. వనజమ్మ అది కూడా చూసింది.

"ఇంగొక మాట. ఓటింగు అయ్యేదాకా మేము ఆరుమందీ ఈడ్నే ఉంటాం. మీరు ఇండ్లకు పోండి. మీ మాటలు ఇంటే మా మనసు మారిపోతాదేమో, ఎందుకొచ్చిన గొడవ?"

"క్యాంపా?" అన్నాడు ఆదినారాయణ, నీరసంగా.

"అదేనంట దాని పేరు."

ఆరుగురికి గదులు కావాలని వినగానే సుధీర్, పొద్దున మంచు చూడడానికి ఎవరెవరు లేస్తారండీ అని ఆనందంగా అడగడం మొదలుపెట్టాడు. ఆదినారాయణ శాలువా తీసి భార్యకు కప్పాడు. చలేస్తుందని చెప్పాడు గానీ, చెప్పాలనుకున్నది అది కాదు.

"మే, తప్పు నాదే. ఇంకొక పొద్దు మనమిద్దరం ఎక్కుదామా?"

"ఓటింగు అయిపోనీ. అప్పుడు రా. ఒక్కడివే రా."

తిరుగు ప్రయాణంలో ఆదినారాయణ కారులో విష్ణువర్ధన్ ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక ఇద్దరు భర్తలు సర్దుకున్నారు. ఎవరూ పదవి ఊసెత్తలేదు. ఇల్లు దగ్గర పడే కొద్దీ అందరికీ వేరే సంగతులు గుర్తుకు రాసాగాయి. ఆదినారాయణ చాలాసేపు ఆలోచించి, చివరికి మెల్లగా అడిగాడు.

"విష్ణూ, అన్నానికి ఎసరు నీళ్ళు ఎంత పోస్తారప్పా?"

మూడు ఊళ్ళ తగాదాలు తీర్చిన విష్ణువర్ధన్ హఫీజ్‌ను అడుగుదామన్నాడు.