కణమరణ శాఖలో కుర్చీలు

మా పరిశోధన సంస్థలోని కణమరణ శాఖకు డైరెక్టరుగా ఉన్న పెద్దమనిషి ఈ నెలాఖరున పదవీ విరమణ చేయబోతున్నారని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ ఏటి నోటీసు ఇలా మొదలైంది. హెడ్ గుమస్తా దీన్ని 'సంతోషంతో' తెలియజేద్దామనుకున్నాడు. డైరెక్టరు గారు ఆ మాట స్వయంగా కొట్టేసి 'బరువెక్కిన గుండెలతో' అని దిద్దారు. ఈ ప్రకటన ఏటా వెలువడుతుంది కనుక గుండెలు బరువెక్కించుకోవడం మాకు అలవాటే.

కణమరణ శాఖ అనగానే భయపడనక్కర్లేదు. ఒంట్లో ప్రతి కణానికీ తన పని ఎప్పుడు ముగిసిందో తెలుస్తుంది. తెలిశాక అది గోల చెయ్యదు, వాపూ నొప్పీ రానివ్వదు. తనను తాను మడుచుకుని, ఉన్నదంతా చిన్న చిన్న మూటలు కట్టి, పక్క కణాల చేతుల్లో పెట్టి వెళ్ళిపోతుంది. ఇల్లు ఊడ్చి, తాళంచెవి ఇచ్చి, మేకు కూడా పీక్కుపోకుండా వెళ్ళే మంచి అద్దెవాడి లాంటిది. ఈ విషయం మీద డైరెక్టరు గారంత బాగా మాట్లాడేవారు మరొకరు లేరు. మాట్లాడేటప్పుడు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంటారు.

కుర్చీల సంగతి కూడా మనవి చేయాలి. కణానికి ఏదైనా ప్రొటీను కావలసి వచ్చినప్పుడు, లోపలి గదిలో భద్రంగా ఉన్న అసలు పాఠం బయటికి రాదు. దాని నకలు మాత్రం పనివాళ్ళ దగ్గరికి వెళ్తుంది. నకలు చూసి వాళ్ళు సరుకు తయారుచేస్తారు. చాలినంత తయారయ్యాక నకలును చింపేస్తారు. చింపకపోతే సరుకు ఆగదు. మా సంస్థలోనూ ఇదే పద్ధతి, ఆఖరి మెట్టు ఒక్కటి తప్ప. ఒకప్పుడు ఏదో సదస్సుకు కుర్చీలు కావలసి వచ్చాయి. అసలు ఉత్తర్వు ఇనప్పెట్టెలో ఉండిపోయింది, నకలు వడ్రంగి దగ్గరికి వెళ్ళింది. అతను దాన్ని పనిబల్ల ఎదుట గోడకు అంటించాడు. సదస్సు అయిపోయింది. నకలు చింపే అధికారం ఎవరిదో నిబంధనల్లో లేనందువల్ల కుర్చీలు మాత్రం ఇప్పటికీ తయారవుతున్నాయి.

వడ్రంగిని అనడానికి లేదు. "ఆపమని ఒక్క ముక్క రాసివ్వండి సార్, ఉలి కింద పెట్టేస్తా" అంటాడు. ఆ ముక్క ఎవరు రాయాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. మంచి కణం పక్క కణం తగలగానే పెరగడం మానేస్తుందట. కమిటీలకు ఆ మొహమాటం ఉండదు. అది పెరిగి, నడుము సన్నబడి, రెండైంది. రెంటికీ కూర్చోవడానికి కుర్చీలు కావలసి వచ్చాయి.

ఈ కుర్చీల వరస నడవా చివర ఉన్న గది దాకా వచ్చింది. అది టెంపరరీ మేడమ్ గది. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఉద్యోగం ఏళ్ళ తరబడి తాత్కాలికం కావడం వల్ల ఈ పేరే శాశ్వతమైపోయింది. కుర్చీల మధ్య ఒత్తిగిలి నడిచి తన గదిలోకి వెళ్ళేది. డైరెక్టరు గారు దిగితే కింది వాళ్ళంతా తలా ఒక మెట్టు ఎక్కుతారు, అడుగున ఒక ఖాళీ ఏర్పడుతుంది, అది ఆమెది. ఏటా ఆశపడింది. ఆ నెల దాటితే ఆ ఉద్యోగానికి ఆమె వయసు మించిపోతుంది.

లైబ్రరీ చూసుకునే నేను పుస్తకం ఇవ్వడానికి ఒకసారి ఆ గదికి వెళ్ళాను. "కూర్చోండి బాబాయ్" అంది. మా ఇంటావిడ పోయాక, ఇన్ని కుర్చీలున్న చోట నన్ను ఆ మాట అనేది ఈమె ఒక్కతే. మైక్రోస్కోపులోకి చూడమంది.

"ఏంటమ్మా ఇవి?"

"విడివిడిగా పెంచిన కణాలు. తిండి పెట్టాను, వెచ్చగా ఉంచాను. అయినా పోతున్నాయి."

"ఏం రోగం?"

"రోగం కాదు బాబాయ్, పక్కన ఎవరూ లేరు. పక్క కణాలు 'ఉండు, ఉండు' అని కబురు పెడుతుంటేనే ఏ కణమైనా ఉంటుంది. ఆ కబురు ఆగిపోతే, ఇంక నాతో పని లేదు కాబోలు అనుకుని సర్దుకుంటుంది."

"పొమ్మని ఎవరూ అనకుండానే?"

"ఉండమనకపోతే పొమ్మన్నట్టేగా!"

నేను చాలాసేపు ఆ కటకం మీంచి కన్ను తియ్యలేదు. ఇంటికి వెళ్ళే తొందర కూడా లేదు.

ఆమె చూపించింది తర్వాత పరిశోధనా వ్యాసంగా అచ్చయింది. మొదట డైరెక్టరు గారి పేరు, చివర మళ్ళీ ఆయన పేరు. టెంపరరీ మేడమ్‌కు కరెంటు శాఖతో కలిపి కృతజ్ఞతలు చెప్పారు.

వీడ్కోలు సభకు అందరం వచ్చాం. డైరెక్టరు గారు లేచి కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుని ప్రసంగించారు.

"మిత్రులారా! త్యాగమంటే కణానిది! మీ చేతివేళ్ళు ఒకసారి చూసుకోండి. తల్లి కడుపులో ఆ వేళ్ళ మధ్య ఉండిన కణాలు సమయానికి తప్పుకున్నాయి కాబట్టే ఇవి విడివిడిగా ఉన్నాయి. మేం తప్పుకోం అని అవి భీష్మించుకుంటే మనకు మిగిలేవి బాతుకాళ్ళు!"

విడివిడిగా ఉన్న ఆ వేళ్ళతోనే చప్పట్లు కొట్టాం. టెంపరరీ మేడమ్ కూడా కొట్టింది. ఆ రోజు కొత్త చీర కట్టుకుని వచ్చింది.

అప్పుడు హెడ్ గుమస్తా లేచాడు. అతని ఉద్యోగం పొడిగింపు కాగితం మీద డైరెక్టరు గారి సంతకం ఇంకా పడలేదు. "సార్! మన మేడమ్ పరిశోధన ఏం చెప్తోంది? పక్కవాళ్ళు ఉండమంటే కణం ఉండాల్సిందే. మేమందరం అంటున్నాం. మీరుండాలి సార్!"

"ఉండాలి! ఉండాలి!" అని హాలు మారుమోగింది. పక్కవాడు మోచేత్తో పొడిచేసరికి నా నోట్లోంచి కూడా ఆ మాట వచ్చింది.

డైరెక్టరు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "వ్యక్తిగతంగా నాకు ఇష్టం లేదు. కానీ ఋజువు ముందు శాస్త్రజ్ఞుడు తల వంచాలి" అని తల వంచారు. వీడ్కోలుకు తెచ్చిన దండనే అభినందనకు వేశారు. అందువల్ల సంస్థకు ఒక దండ కలిసొచ్చింది. పోవలసిన వేళ పోకుండా పెరిగే కణాన్ని డాక్టర్లు వేరే పేరుతో పిలుస్తారు. ఆ పేరు నేను ఇంట్లో ఒకసారి విన్నాను, చాలు. మా సంస్థలో దాన్ని 'అనుభవం' అంటాం.

నెలాఖరున టెంపరరీ మేడమ్ తన గది సర్దింది. ఉన్నదంతా చిన్న చిన్న మూటలు కట్టి పక్కవాళ్ళకు పంచింది. కెటిల్ టైపిస్టుకు, గొడుగు వాచ్‌మన్‌కు, బల్లదీపం నాకు.

"సాయంత్రాలు లైబ్రరీ చీకటిగా ఉంటుంది కదా బాబాయ్."

"ఎక్కడికమ్మా వెళ్తావు?"

"చూడాలి బాబాయ్."

సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో కాసేపు నిలబడింది. వెళ్ళేవాళ్ళు గుమ్మంలో ఎందుకు నిలబడతారో ఎవరికీ చెప్పనక్కర్లేదు. "కెటిల్ మూతేదమ్మా?" అని అడిగింది టైపిస్టు. "లోపలే ఉందక్కా" అంది. "జాగ్రత్తమ్మా" అన్నాను నేను. అది మంచి మాటే. ఆ వేళకు కావలసిన మాట కాదు.

సాయంత్రానికి ఆ గదిలో కుర్చీలు సర్దేశారు.

వార్షిక నివేదికలో డైరెక్టరు గారు ఈ సంఘటనను ప్రత్యేకంగా ప్రశంసించారు. శాఖ చరిత్రలో మొట్టమొదటిసారిగా, వాపు గానీ నొప్పి గానీ లేకుండా, ఇరుగుపొరుగు సంపూర్ణ సహకారంతో ఒక ఆదర్శ నిష్క్రమణ జరిగిందని రాశారు. వచ్చే ఏడు తమ పదవీ విరమణ సందర్భంగా దీని మీదే ప్రసంగిస్తారు.

తమరు కూడా తప్పక దయచేయగలరు. చప్పట్లకు వేళ్ళుంటే చాలు. కుర్చీలకు కొదవ లేదు.